బండి సొంతం... బోర్డు కంపెనీది!

అమెరికా అనగానే మన ఇళ్లల్లో ముందు గుర్తొచ్చేది సాఫ్ట్‌వేరు. ఆ సాఫ్ట్‌వేరు ఇంజినీరు ఉండే ఇంటి దూలం దగ్గర్నుంచి ఆఫీసు భవనంలోని ఉక్కు దాకా మోసుకొచ్చేది మాత్రం లారీ. అక్కడ ట్రక్కు అంటారు. ఆ ట్రక్కుల్లో లక్షల బళ్లకు ఓ చిత్రమైన సంగతుంది. తలుపు మీద పెద్దక్షరాలతో ఓ కంపెనీ పేరుంటుంది. దాని కింద ప్రభుత్వం ఆ కంపెనీకి ఇచ్చిన నంబరుంటుంది. బండి మాత్రం కంపెనీది కాదు... స్టీరింగు ముందు కూర్చున్న మనిషిది! వాయిదాలు కట్టేది అతనే. టైరు పేలితే మార్పించేది అతనే. ఇంజిను మొరాయిస్తే వేలకు వేలు పోసేదీ అతనే. ఆ మనిషిని అక్కడ 'ఓనర్‌ ఆపరేటర్‌' అంటారు.

బండి సొంతమైనప్పుడు పేరెందుకు పరాయిది? సొంతంగా వ్యాపారం చేయాలంటే ఫెడరల్‌ ప్రభుత్వం నుంచి రవాణా అనుమతి కావాలి. సాధారణ సరుకుకైనా కనీసం ఏడున్నర లక్షల డాలర్ల బీమా చూపించాలి. సరుకిచ్చేవాళ్లు చాలామంది పది లక్షలు ఉంటేగానీ మాట్లాడరు. కొత్తగా అనుమతి తెచ్చుకున్న ఒంటిబండి ఆసామికి ఆ బీమా ఏడాదికి పది వేల డాలర్లు దాటడం మామూలే. పైగా లోడ్లు వెతుక్కోవాలి, బిల్లులు పంపాలి, డబ్బుల కోసం ఫోన్లు చేస్తూ ఉండాలి. ఇన్ని తలనొప్పులు పడలేక చాలామంది తమ బండిని ఓ పేరున్న కంపెనీకి లీజుకిస్తారు. అనుమతీ బీమా ఖాతాదారులూ కంపెనీవి. బండీ డీజిలూ రెక్కల కష్టమూ ఇతనివి. వచ్చిన కిరాయిలో చెరో వాటా.

వినడానికి బాగానే ఉంది. కానీ కంపెనీని ఎంచుకోవడమంటే పిల్లకు సంబంధం చూడటంలాంటిదే. అటేడు తరాలూ ఇటేడు తరాలూ చూడాల్సిన పని. రిక్రూటరు ఫోన్లో చెప్పే తీపి మాటలు నమ్మి సంతకం పెట్టి, ఆర్నెల్లు తిరక్కుండానే బండిని బ్యాంకుకు అప్పగించి ఇంటికెళ్లినవాళ్లకు ఆ దేశంలో కొదవలేదు.

గోడల్లేని బండి

ఇందులో ఫ్లాట్‌బెడ్‌ వాళ్లది వేరే లోకం. పెట్టెలాంటి మూతబండి నడిపే డ్రైవరు వెనక తలుపు మూసి, సీలు వేయించుకుని బయల్దేరతాడు. ఫ్లాట్‌బెడ్‌కు గోడల్లేవు, కప్పు లేదు. 48 అడుగులో 53 అడుగులో పొడవున్న చదునైన బల్ల, కింద చక్రాలు... అంతే. క్రేనుతో పైనుంచి దించాల్సినవీ, ఫోర్కులిఫ్టుతో పక్కనుంచి పెట్టాల్సినవీ దీనిమీదికే వస్తాయి. ఉక్కు చుట్టలు, పైపులు, ఇనుప కడ్డీలు, కలప, ట్రాక్టర్లు... ఒక్కటీ తేలిగ్గా ఉండదు. బండీ సరుకూ కలిపి 80,000 పౌండ్లు, అంటే 36 టన్నుల పైచిలుకు దాటకూడదన్నది మామూలు పరిమితి. అందులో సరుకే దాదాపు 22 టన్నులుంటుంది.

ఆ సరుకు కదలకుండా కట్టడం డ్రైవరు బాధ్యత. కట్లన్నింటి బలం కలిపితే సరుకు బరువులో కనీసం సగం ఉండాలని నిబంధన. 45,000 పౌండ్ల ఉక్కు చుట్ట ఒక్కటే ఎక్కిందనుకుందాం. ఈ పనికి వాడే గొలుసు ఒక్కోటి 6,600 పౌండ్లు భరిస్తుంది. లెక్కప్రకారం నాలుగు గొలుసులు చాలు. ప్రాణం మీద తీపి ఉన్నవాడు నాలుగుతో ఆపడు. గట్టిగా బ్రేకు వేస్తే ఆ చుట్ట వచ్చేది తన వీపు మీదికే అని అతనికి తెలుసు. బయల్దేరాక మొదటి 50 మైళ్లలోపే ఆగి కట్లు చూసుకోవాలి. తర్వాత 150 మైళ్లకో మూడు గంటలకో, ఏది ముందైతే అప్పుడు, మళ్లీ చూడాలి.

ఇక టార్పాలిన్‌ పట్టాలు. కలప మీద కప్పేవైతే ఒక్కోటి 40, 50 కిలోల దాకా తూగుతుంది. నేల నుంచి 13 అడుగుల ఎత్తున, గాలి కొడుతుంటే, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఆ పట్టాను ఒక్కడే పరిచి బిగించాలి. కాలు జారి పడి నడుము విరగ్గొట్టుకున్న డ్రైవర్లు ఎందరో. సొంతబండి ఆసామి కాబట్టి, ఉద్యోగికి వచ్చే నష్టపరిహారం అతనికి మామూలుగా వర్తించదు. విడిగా ప్రమాద బీమా కొనుక్కోవాలి. ఇంట్లోవాళ్ల ఆరోగ్య బీమా కూడా అతని నెత్తినే.

అందుకే ఫ్లాట్‌బెడ్‌ కంపెనీని మొట్టమొదట అడగాల్సిన ప్రశ్నలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ చిన్నవి కావు. పట్టా కప్పినందుకు వేరే డబ్బులిస్తారా? గొలుసులూ బెల్టులూ పట్టాలూ కంపెనీ ఇస్తుందా, కొనుక్కోవాలా? కొనుక్కోవాలంటే చేరకముందే కొన్ని వేల డాలర్లు చేతిలో ఉండాలి. ట్రెయిలరు కంపెనీదైతే వారానికి అద్దె ఎంత? బండి ఇంటి దగ్గర ఆగి ఉన్న వారం కూడా ఆ అద్దె కోస్తారా?

72 గొప్పా? 80 గొప్పా?

రిక్రూటరు ముందుగా చెప్పేది వాటా శాతం. ఒకాయన 72 శాతం అంటాడు. ఇంకొకాయన 80 అంటాడు. ఎవరైనా 80 వైపే మొగ్గుతారు. అసలు కిటుకంతా అక్కడే ఉంది... దేంట్లో 80 శాతం?

లెక్క కోసం ఓ లోడు తీసుకుందాం. ఇండియానా రాష్ట్రంలోని గ్యారీ నుంచి టెక్సస్‌లోని హ్యూస్టన్‌కు ఉక్కు. దూరం సుమారు 1,100 మైళ్లు. సరుకుదారు మొత్తం 3,300 డాలర్లు ఇచ్చాడనుకుందాం. అందులో 500 డీజిల్‌ సర్‌ఛార్జి. డీజిల్‌ ధర పెరిగినప్పుడు కిరాయి మీద అదనంగా కట్టించుకునే సొమ్మన్నమాట.

మొదటి కంపెనీ ఆ 3,300 మీదా 72 శాతం ఇస్తుంది. చేతికొచ్చేది 2,376 డాలర్లు. రెండో కంపెనీ సర్‌ఛార్జి 500 తనే ఉంచుకుంటుంది. మిగిలిన 2,800లో లోడు తెచ్చిన తన సొంత బ్రోకరు విభాగానికి పది శాతం కమీషన్‌ తీస్తుంది. మిగిలేది 2,520. దాంట్లో 80 శాతం అంటే 2,016. ఎనభై చెప్పిన కంపెనీ డెబ్భైరెండు చెప్పిన కంపెనీ కన్నా 360 డాలర్లు తక్కువిచ్చింది! ఏడాదికి ఇలాంటి లోడ్లు 50 వేసుకున్నా 18,000 డాలర్లు.

డీజిల్‌ పోయించేదేమో బండి ఓనరు. గ్యాలనుకు ఆరున్నర మైళ్లు ఇచ్చినా ఆ ప్రయాణానికి 170 గ్యాలన్లు తాగుతుంది. గ్యాలను నాలుగు డాలర్లనుకుంటే 680. 2022 జూన్‌లో అమెరికాలో డీజిల్‌ సగటు ధర అయిదు డాలర్ల 80 సెంట్ల దాకా వెళ్లింది. అప్పుడు సర్‌ఛార్జి పూర్తిగా చేతికొచ్చినవాడు నిలబడ్డాడు. కంపెనీ జేబులోకి పోయినవాడు అప్పుచేసి డీజిల్‌ కొట్టించాడు.

కొన్ని కంపెనీలు శాతం లేకుండా మైలుకింత అని ఇస్తాయి. అందులోనూ ఓ మెలిక ఉంది. బండి తిరిగిన మైళ్లకా, పుస్తకంలో రాసుకున్న మైళ్లకా? ఊరి నుంచి ఊరికి దగ్గరి దారి లెక్కన వేసే పుస్తకం మైళ్లు మీటరు చూపే మైళ్ల కంటే తక్కువుంటాయి. హ్యూస్టన్‌లో దించాక తర్వాతి లోడు కోసం ఖాళీగా తోలిన మైళ్లకు ఏమైనా ఇస్తారా అన్నది ఇంకో ప్రశ్న. ఖాళీ బండీ డీజిల్‌ తాగుతుంది మరి!

శాతం మీద పనిచేసే ఆసామికి చట్టం ఓ హక్కిచ్చింది. సరుకుదారుకు వేసిన కిరాయి బిల్లు నకలు, లేదా అదే సమాచారమున్న కంప్యూటరు కాగితం, కంపెనీ అతనికి చూపించి తీరాలి. చేరకముందే "పాత బిల్లు ఒకటి చూపించండి, పేర్లు కొట్టేసి ఇచ్చినా సరే" అని అడిగితే మంచి కంపెనీ చూపిస్తుంది. నీళ్లు నమిలిందంటే, ఆ శాతం దేంట్లోనో చెప్పడం ఇష్టంలేదనే అర్థం.

కాగితం మీద లేనిది కోయకూడదు

ఈ హక్కులు ఊరికే రాలేదు. 1973 చమురు సంక్షోభంలో డీజిల్‌ దొరక్క, ధర భరించలేక ట్రక్కు ఆసాములు జాతీయ రహదారులకు బండ్లు అడ్డంపెట్టారు. ఓనర్‌ ఆపరేటర్ల సంఘం పుట్టింది ఆ ఏడాదే. కంపెనీల లీజుల్లో జరిగే మోసాల మీద గొడవ పెరిగి, 1979లో 'ట్రూత్‌ ఇన్‌ లీజింగ్‌' నిబంధనలు వచ్చాయి. ఇప్పటికీ అవే ఆధారం.

వాటి సారం సామాన్యుడికీ అర్థమయ్యేదే. లీజు రాతపూర్వకంగా ఉండాలి. ఏమేం కోస్తారో, ఎలా లెక్కగడతారో అందులోనే రాయాలి. సరుకు దించిన కాగితాలు అందజేశాక 15 రోజుల్లో డబ్బివ్వాలి. టైర్లు మా దగ్గరే కొను, బీమా మా దగ్గరే తీసుకో అని షరతు పెట్టకూడదు. ఆసామి దగ్గర పూచీగా పట్టిపెట్టుకున్న సొమ్ముకు, దాన్నక్కడ 'ఎస్క్రో' అంటారు, మూడు నెలలకోసారి వడ్డీ వేయాలి. లీజు ముగిశాక 45 రోజుల్లో లెక్కచెప్పి మిగిలింది తిరిగివ్వాలి.

చక్కగానే ఉంది కదా! అయితే ఈ నిబంధనలు ఉల్లంఘిస్తే ప్రభుత్వం వచ్చి కొరడా ఝళిపిస్తుందని ఆశపడితే పొరపాటే. ఆసామి తనే కోర్టుకెక్కాలి. రెండు వేల డాలర్ల ఎస్క్రో కోసం లాయర్ని పెట్టుకునేదెవరు? సంఘం తరఫున వందలమందిని కలిపి దావాలు వేసింది అందుకే. కొన్ని కంపెనీలు లీజులోనే 'తగాదా వస్తే కోర్టుకు పోను, మధ్యవర్తి తీర్పుకే కట్టుబడతాను' అన్న షరతు పెడతాయి. 2019 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఓ ట్రక్కు డ్రైవరు కేసులో, అంతర్రాష్ట్ర రవాణాలో పనిచేసేవాళ్లను ఫెడరల్‌ చట్టం కింద బలవంతంగా మధ్యవర్తి దగ్గరికి పంపలేరని తేల్చింది. ఉద్యోగికే కాదు, స్వతంత్ర కాంట్రాక్టరుకూ అది వర్తిస్తుందంది. కొందరు లాయర్లు రాష్ట్రాల చట్టాలను అడ్డంపెట్టుకుని ఆ షరతు ఇంకా రాస్తూనే ఉన్నారు. కాబట్టి ఆ పేరా రెండుసార్లు చదవాల్సిందే.

వద్దనే హక్కు

డబ్బు తర్వాత చూడాల్సింది స్వేచ్ఛ. 'స్వతంత్రుడు' అని పేరే గానీ, కొన్ని కంపెనీల్లో ఇచ్చిన లోడు వద్దంటే మరో రెండ్రోజులు ఫోను మోగదు. శుక్రవారం ఇంటికెళ్లాలన్నవాణ్ని శుక్రవారమే వెయ్యి మైళ్ల అవతలికి పంపే డిస్పాచర్లున్నారు. ఫ్లోరిడాలోని లాండ్‌స్టార్‌, కెంటకీలోని మెర్సర్‌ లాంటి కంపెనీలు ప్రధానంగా ఓనర్‌ ఆపరేటర్ల బళ్ల మీదే నడుస్తాయి. అక్కడ లోడు ఎంచుకోవడం ఆసామి ఇష్టం. మార్కెట్‌ తెలిసినవాడికి అది వరం. ఏ ఊరికెళితే తిరుగు లోడు దొరకదో తెలియని కొత్తవాడికి అదే శాపం కూడా. అలాంటివాడు మొదటి ఏడాది డిస్పాచరే లోడు చూపించే కంపెనీలో చేరడం నయం. వాటా కాస్త తక్కువైనా సరే.

కాలం కూడా డబ్బే ఇక్కడ. రోజుకు 11 గంటలకు మించి తోలకూడదు, అదీ డ్యూటీ ఎక్కిన 14 గంటల్లోపే. 2017 డిసెంబరు నుంచి చాలా బళ్లకు ఆ లెక్క ఎలక్ట్రానిక్‌ యంత్రమే రాస్తోంది, చేత్తో దిద్దే వీల్లేదు. ఉక్కు మిల్లు ముందు ఆరు గంటలు నిలబెట్టారంటే ఆ పూట పోయినట్టే. హాల్టింగ్‌ ఛార్జీ సరుకుదారు నుంచి కంపెనీ వసూలు చేస్తుందా, అందులో ఆసామికి ఎంతిస్తుంది అన్నది కూడా లీజులో వెతకాలి.

కంపెనీ నడవడిక తెలుసుకోవడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. తలుపు మీదున్న ప్రభుత్వ నంబరును రవాణా భద్రతా సంస్థ వెబ్‌సైట్లో కొడితే చాలు. ఎన్ని బళ్లున్నాయి, రెండేళ్లలో ఎన్ని ప్రమాదాలు, తనిఖీల్లో ఎన్ని బళ్లను రోడ్డు మీదే నిలిపేశారు... అంతా ఉచితంగా కనిపిస్తుంది. చెడ్డపేరున్న కంపెనీ బోర్డు తగిలించుకుంటే ప్రతి తూకం స్టేషన్లోనూ లోపలికి రమ్మంటారు. మంచి పేరున్న కంపెనీ బండి పచ్చలైటు చూసుకుని ముందుకెళుతుంది. తప్పు చేసినవాడు వేరొకడైనా, వరుసలో నిలబడి గంటలు పోగొట్టుకునేది ఇతను.

కంపెనీ దగ్గరే బండి కొంటే...

చేతిలో పెట్టుబడి లేనివాళ్లకు కంపెనీలు ఇంకో ఎర వేస్తాయి. "బండి మేమిస్తాం, వారవారం కిరాయిలో కోసుకుంటాం, చివరికి బండి నీది" అంటాయి. లీజు-పర్చేజ్‌ అన్నమాట. మన ఫైనాన్సు లారీలాంటిదే కదా అనిపిస్తుంది. కాదు. ఫైనాన్సు లారీకి అప్పిచ్చేవాడు వేరు, లోడిచ్చేవాడు వేరు. ఇక్కడ రెండూ ఒకరే! లోడ్లు తగ్గిస్తే వాయిదా కట్టలేడు. వాయిదా కట్టలేకపోతే బండి వెనక్కి తీసుకుంటారు. అదే బండిని ఇంకొకరికి మళ్లీ మొదటినుంచి అమ్ముతారు. కోపమొచ్చి వేరే కంపెనీకి పోదామన్నా అన్నాళ్లూ కట్టిందంతా వదులుకోవాల్సిందే. దీనిమీద అమెరికా పార్లమెంటు ఆదేశంతో ఏర్పడిన ట్రక్కు లీజుల కార్యదళం 2025 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఇలాంటి పథకాలను సవరించడం కాదు, నిషేధించడమే మేలని సిఫార్సు చేసింది.

ఫ్లాట్‌బెడ్‌ పనికి ఇది మరీ ప్రమాదం. ఇళ్ల నిర్మాణం, చమురు బావులు, ఫ్యాక్టరీలు ఊపుమీదుంటేనే ఈ బళ్లకు పని. వడ్డీరేట్లు పెరిగి ఇళ్లు కట్టడం తగ్గితే కలప కదలదు. 2021లో కిరాయిలు చూసి ఖరీదైన బళ్లు కొన్నవాళ్లు 2022 రెండో సగం నుంచి రేట్లు పడిపోతే విలవిల్లాడారు. చిన్నచిన్న కంపెనీలు వరసగా మూతపడ్డాయి. అలాంటి రోజుల్లో ఆసామికి ఉన్న ఆస్తి ఒక్కటే... బండి తీసుకుని ఇంకో గుమ్మం తొక్కగలగడం. కాబట్టి కంపెనీని చూసేటప్పుడు లోపలికి వెళ్లే దారికన్నా బయటికొచ్చే దారి ముందు చూడాలి. ఎన్ని రోజుల నోటీసు? ఎస్క్రోలో ఎంత? బయటికెళ్లేటప్పుడు కోసే ఖర్చులేమిటి?

కంపెనీయే ముందు వెళ్లిపోతే? 2009లో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలోని యారో ట్రకింగ్‌ అదే చేసింది. ఫ్లాట్‌బెడ్‌ రంగంలో పాత పేరు. క్రిస్మస్‌ ఇంకా మూడు రోజులుందనగా, డిసెంబరు 22న తలుపులు మూసేసింది. డ్రైవర్లకు ఆ సంగతి చెప్పింది కంపెనీ కాదు... పెట్రోలు బంకు! డీజిల్‌ కార్డు గీస్తే పనిచేయలేదు. దేశమంతటా ఎక్కడివాళ్లక్కడే మంచులో చిక్కుకుపోయారు. ముక్కూమొహం తెలియని తోటి డ్రైవర్లూ జనమూ ఫేస్‌బుక్‌లో చేతులు కలిపి చాలామందిని ఇళ్లకు చేర్చారు. బ్యాంకును మోసగించడం, పన్ను ఎగవేత నేరాల కింద ఆ కంపెనీ అధిపతికి 2015లో ఏడున్నరేళ్ల జైలుశిక్ష పడింది. అందుకే డీజిల్‌ డబ్బు మొత్తం కంపెనీ కార్డు మీదే పెట్టుకోకుండా, ఇంటికి తిరిగొచ్చేంత సొమ్ము విడిగా దాచుకోమంటారు పాతకాపులు.

రిక్రూటరు చెప్పనివి తెలియాలంటే ట్రక్కు స్టాపులో ఆ కంపెనీ బోర్డున్న బండి పక్కన ఓ అరగంట నిలబడితే చాలు. ఓక్లహోమా, న్యూమెక్సికోల మీదుగా పోయే 40వ నంబరు ఇంటర్‌స్టేట్‌ పక్కన పంజాబీ ధాబాలున్నాయి. పరాఠాతో పాటు ఏ కంపెనీ ఎన్నాళ్లకు డబ్బిస్తుందో కూడా అక్కడ దొరుకుతుంది. ఇప్పుడు పనిచేస్తున్నవాడి కంటే మానేసినవాణ్ని అడగడం ఉత్తమం. మీ ఎస్క్రో తిరిగొచ్చిందా, ఎన్ని రోజులకొచ్చింది అని.

మానేసే రోజున మరో జాగ్రత్త. తలుపు మీది బోర్డులు ఊడదీసి కంపెనీకి అప్పగించి, అప్పగించినట్టు రసీదు తీసుకోవాలి. అవి అందేదాకా చివరి చెల్లింపు ఆపే హక్కు చట్టం కంపెనీకి ఇచ్చింది.